పే డే దినకూలి తమ్మీ, గుత్త పని వేరే ఉన్నది

జగిత్యాల తమ్మీ, నీ ప్రశ్నను ముందు నా మాటల్ల చెప్త, తప్పుంటే దిద్దు. ఫైర్‌రెడ్ ఆడుతున్నవు, పోకీమాన్ అనే జీవాలను పట్టి పెంచి పోరాడించే ఆట. 40 లెవెల్ పర్షియన్ అనే పిల్లి పోకీమాన్ ఉన్నది, దానికి సేటు అని పేరు పెట్టినవు. సెలడాన్ పట్నం జూదశాల గేమ్ కార్నర్‌ల థండర్‌బోల్ట్ టీఎమ్, అంటే ఆ పిడుగు దెబ్బ నేర్పే సామాను, కొనాలె, దానికి 4,000 కాయిన్లు కావాలె. గడ్డిల తిరిగి, తగిలినప్పుడల్ల పైసలు రాల్చే పే డే అనే మూవ్ (దెబ్బ) కొట్టి కొట్టి బొటనవేలు వాసింది. నాలుగు జిమ్‌లు, అంటే లీడర్లను గెలవాల్సిన జాగలు, ఇంకా మిగిలే ఉన్నయ్. పైసలు సంపాదించేందుకు ఇదేనా దారి, వేరే ఆర్‌పీజీలల్ల (పాత్రలను పెంచుకుంట కథల పోయే ఆటలు) ఇసుంటి మూవ్స్ ఏమన్న ఉన్నయా అని అడిగినవు.

మొదలు లెక్క చూద్దాం. గేమ్ కార్నర్‌ల 50 కాయిన్లు 1,000కి, 500 కాయిన్లు 10,000కి అమ్ముతరు. ఎట్ల కొన్నా కాయిన్ 20 పడ్డది. 4,000 కాయిన్లంటే 80,000. ఫైర్‌రెడ్‌ల పే డే ఒక్కసారి తగిలితే లెవెల్‌కు 5 రెట్లు రాలుతది, అంటే నీ సేటు కొడితే 200. 80,000ను 200 పెట్టి భాగించు: 400 దెబ్బలు. పే డేకు పీపీ, అంటే ఎన్నిసార్లు కొట్టొచ్చన్న లెక్క, 20 కాబట్టి దాన్ని మళ్ల నింపుకోనీకి పోకీమాన్ సెంటర్‌కు 20 సార్లు పోయి రావాలె. ఒక్కో అడవి పోకీమాన్ ఎదురుపడుడు, తెర తిరుగుడు, దెబ్బ, ఎక్స్‌పీ, బయటికొచ్చుడు అంతా కలిపి అర నిమిషం పెట్టుకున్నా 3 గంటలు దాటుతది, నడక కాక. వేలు వాయకుంటే ఏమయితది?

ఇది మిరపకాయ తెంపే దినకూలి. పొద్దంత వంగి తెంపినా కూలి రేటు మారది. తోట ఎవలదో, ఎనుమాముల మార్కెట్‌ల ఆ దినం క్వింటాల్ ఎంత పలికిందో కూలికి సంబంధం లేదు. పోకీమాన్‌ల కూడ ఎదుటోడు 3 లెవెల్ రట్టాటా అయినా 50 లెవెల్ గోల్బాట్ అయినా పే డే ఇచ్చేది నీ లెవెల్ మీదనే. అట్లని అది పనికిరాని మూవ్ అని అంటలేను. ఏ పనికి ఏ కూలి అన్నది చూడాలె.

మధ్యల ఒక ముచ్చట. జపాన్‌ల ఈ మూవ్ పేరు నెకో-ని-కోబాన్, అంటే పిల్లికి బంగారు కాసు. అది వాళ్ల సామెత. విలువ తెలియనోనికి విలువైనది ఇచ్చుడు అని అర్థం, మన దగ్గర గాడిదకేం తెలుసు గంధం వాసన అన్నట్టే. పర్షియన్ కాకముందు ఉండే మ్యావ్త్ నొసట ఉన్న ఆ పచ్చబిళ్ల కోబాన్ నాణెమే. అంటే 1996ల మొదటి ఆట చేసినోళ్లు సామెతను తిప్పి, పిల్లినే కాసులు ఇసిరేటట్టు చేసిండ్రు. ఇంగ్లీషుల పే డే అని మార్చేసరికి ఆ చమత్కారం పోయి జీతం రోజు మిగిలింది. ఆ మొదటి ఆటలల్ల అయితే కూలి ఇంకా తక్కువ, లెవెల్‌కు 2 రెట్లే. 40 లెవెల్‌కు 80.

ఇగ అసలు పని. నీకు ఇప్పుడు కావాల్సింది అమ్యులెట్ కాయిన్. ప్రొఫెసర్ ఓక్ సహాయకుడు ఒకడు రూట్ 16 గేటు మీది అంతస్తుల ఉంటడు. 40 రకాల పోకీమాన్ పట్టి పోతే చేతిల పెడ్తడు. నీ పోకెడెక్స్‌ల (పట్టిన రకాల చిట్టా) ఎన్ని ఉన్నయో నువ్వు చెప్పలే. ముప్పై దాటితే మిగిలినయి ఒక పూటల అయిపోతయి, ఎందుకంటే పరిణామం చెందించినా లెక్కల పడ్తది. ఆ కాసు పట్టుకున్న పోకీమాన్ పోరుల ఒక్కసారి బరిలకు దిగితే చాలు, ట్రైనర్ (నీతోటి పోరాడే పోకీమాన్ల యజమాని) ఓడి ఇచ్చే పైసలు రెండింతలు. దిగి వెంటనే వెనక్కి పోయినా లెక్కే, పడిపోయినా లెక్కే. పే డే పైసలు కూడ రెండింతలు అయితయి, అంటే సేటు దెబ్బకు 400.

అయితే నా మాట వింటే ఆ రెండింతలను దెబ్బల మీద కాదు, మనుషుల మీద వాడు. ఫైర్‌రెడ్‌ల ట్రైనర్ ఓడితే ఇచ్చేది, వాని జట్టుల చివరి పోకీమాన్ లెవెల్‌ను వాని తరగతి రేటు పెట్టి గుణించినంత. యంగ్‌స్టర్ పోరగాళ్ల రేటు 16. జిమ్ లీడర్లది, ఆట చివర వచ్చే నలుగురు మేటి ట్రైనర్లు ఎలీట్ ఫోర్‌ది 100. లేడీ అని పేరుండే గొప్పింటి ఆడపిల్లలది 200. ఇప్పుడు నీకు మిగిలిన నాలుగు జిమ్‌లు చూడు. వాటి లీడర్లల్ల కోగా చివరి పోకీమాన్ లెవెల్ 43, సబ్రీనాది 43, బ్లేన్‌ది 47, జియోవానీది 50. కలిపితే 183. రేటు 100 కాబట్టి 18,300. కాసు పట్టుకొని పోతే 36,600. జిమ్ లీడర్లు ఆ ఆటల రెండోసారి పోరుకు రారు. అంటే కాసు లేకుండ పోయి గెలిస్తే నీ 18,300 పోయినట్టే, మళ్ల రావు. అందుకే నేను గట్టిగ చెప్తున్న: కోగా దగ్గరికి పోకు. మొదలు 40 రకాలు పూర్తి చెయ్, కాసు తెచ్చుకో, అప్పుడు పో.

మిగిలిన 43 వేలు ఎక్కడికెళ్లి అంటవా? సిల్ఫ్ కంపెనీ భవనంల అంతస్తు అంతస్తుకు రాకెట్ ముఠా గాళ్లు ఉన్నరు, జిమ్‌ల లోపలి ట్రైనర్లు ఉన్నరు, సిన్నబార్ పోయే నీళ్లల్ల ఈతగాళ్లు ఉన్నరు. వాళ్లందరు ఎట్లయినా కథల భాగంగ కొట్టాల్సినోళ్లే. ఇప్పుడు ప్రతోడు రెండింతలు ఇస్తడు. వెర్మిలియన్ పోకీమాన్ సెంటర్‌ల ఇచ్చే వీఎస్ సీకర్ తీసుకున్నవా లేదా? తీసుకుంటే 100 అడుగులు నడిచినప్పుడల్ల ఛార్జ్ అయితది, పాత ట్రైనర్లు మళ్ల పోరుకు వస్తరు. రూట్ 8ల జూదగాళ్లు యంగ్‌స్టర్ల కంటే మస్తు ఇస్తరు, నువ్వున్న సెలడాన్‌కు దూరం కూడ లేదు.

ఎలీట్ ఫోర్‌ల మొదటిదైన లోరెలై మీదికి పోయేముందే థండర్‌బోల్ట్ చేతిల ఉంటదని నా అంచనా. తర్వాత ఎలీట్ ఫోర్, చాంపియన్ అయిదుగురి చివరి పోకీమాన్లు 54 కెళ్లి 63 దాక ఉంటయి. ఒక్క రౌండ్ కాసుతోటి 58 వేల చిల్లర. వాళ్లను ఎన్నిసార్లయినా కొట్టొచ్చు. చాంపియన్ అయినంక ఫైవ్ ఐలాండ్ పక్కన రిసార్ట్ గార్జియస్ అని ఉంటది, పేరుకు తగ్గట్టే ఉంటది. అక్కడి లేడీ తరగతి పిల్ల చివర 48 లెవెల్‌ది దింపిందనుకో, 9,600. కాసుతోటి 19,200. అయిదు పోర్లకు థండర్‌బోల్ట్ వచ్చి ఇంకా మిగులుతది. దినకూలికి, గుత్త పనికి ఉన్న ఫరక్ అదే.

అయినా సేటును పక్కన పెట్టలేవని నాకు తెలుసు, పేరు పెట్టుకున్నవాయె. పే డే కొట్టాల్సిందే అంటే కొట్టే జాగ మార్చు. నార్మల్ రకం దెబ్బ రాయి రకం మీద సగమే పనిచేస్తది. రాక్ టన్నెల్‌ల ఆనిక్స్ చూడనీకి కొండంత ఉంటది గని దెబ్బ బలం తక్కువ. నీ సేటు దాని మీద పే డే కొడితే రెండు మూడు దెబ్బలు తట్టుకుంటది. ఒక్క పోరుల రెండు మూడు సార్లు పైసలు రాలుతయి, తెర తిరిగే సమయం మిగులుతది. గడ్డిల పిడ్జీని కొడితే ఒక్క దెబ్బకే పోతది, నీకు 200, మళ్ల నడక. దెయ్యం రకం జోలికి పోకు, నార్మల్ దెబ్బ దానికి తగలనే తగలది, తగలకుంటే రాలవు. రాలిన పైసలు పోరు గెలిస్తేనే చేతికొస్తయి, ఓడితే గాయబ్. గ్రావెలర్లుంటే కొంచెం చూసుకో, అవి కోపమొస్తే పేలిపోతయి.

చానామంది చూడని కిటుకు ఇంకొకటి. ఫైర్‌రెడ్‌ల మ్యావ్త్‌కు పికప్ అనే గుణం ఉంటది. పోరు గెలిచినంక, చేతిల ఏం లేకుంటే, 10 సార్లల్ల ఒకసారి ఏదో ఒకటి ఏరుకొస్తది. పోరుల దిగకున్నా సరే, జట్టుల ఉంటే చాలు. పర్షియన్ అయినంక ఆ గుణం పోతది, లింబర్ వస్తది. అంటే నీ సేటు ఆస్తి పెంచుకొని అలవాటు పోగొట్టుకున్నడు. రూట్ 5, 6 దిక్కు ఇంకో మ్యావ్త్‌ను పట్టి, చేతికి ఏం ఇయ్యకుండ వెనక కూసోబెట్టు. కాసు సేటు దగ్గర, ఖాళీ చేతులు చిన్న పిల్లి దగ్గర. రెండు ఒక్కదానికే అప్పజెప్పితే కుదరది, కాసు పట్టుకున్న చెయ్యి ఏరుకోదు. అది తెచ్చేటివి ఎక్కువ చిల్లర సామానే. కని నగ్గెట్ దొరికితే 5,000. ఇది మేడారం బంగారం లెక్క బెల్లం కాదు, నిజం బంగారమే, అమ్ముకునుడు తప్ప దానితోటి ఇంకో పని లేదు.

నాకు ఈ లెక్కల పిచ్చి ఎందుకు పట్టిందో చెప్త. హన్మకొండల కాలేజీ చదివేటప్పుడు ఒక గేమ్ పార్లర్‌ల సాయంత్రం పూట కూసునేటోణ్ని. గంటకు 20 రూపాయలు. ప్లేస్టేషన్ మీద ఎక్కువ మంది ఫుట్‌బాల్, కుస్తీ ఆడేటోళ్లు. ఒక్క కాజీపేట రైల్వే కాలనీ పోరడు మాత్రం ఫైనల్ ఫాంటసీ 7 పెట్టుకొని కూసునేది. వానికి ఇంగ్లీషు అంతంత మాత్రమే, కథ ఏంటో నన్ను అడిగేటోడు. కని వాడు నోటు బుక్కుల రాసుకునేది ఒక్కటే: ఏ రాక్షసున్ని కొడితే ఎంత గిల్, ఎంతసేపు. గిల్ అంటే ఆ ఆటల పైసలు. నెత్తి మీద గడియారం తిరుగుతుంటే ఒక్కో దెబ్బకు ఎంత అని ఎవడూ లెక్కవెట్టడు, గంటకు ఎంత అని లెక్కవెడ్తడు. తర్వాత ఎవడో మెమరీ కార్డ్ చెరిపేసిండు, వాడు వారం రోజులు పార్లర్‌కు రాలే. నోటు బుక్కు మాత్రం నా దగ్గరే ఉండె. ఆటల పైసల గురించి నాకు తెలిసిందంతా ఆ బుక్కు నుంచే మొదలైంది.

ఆ ఆటలనే ఒక పాఠం ఉన్నది. స్టీల్ అనే మెటీరియా (ఆయుధంల పెట్టుకునే శక్తి రాయి) పెట్టుకుంటే దొంగతనం చెయ్యొచ్చు, కని దొంగతనం చేసిన వంతుల దెబ్బ పడది. అదే మెటీరియాను చివరిదాక పెంచితే మగ్ అయితది, అంటే కొడుతూనే జేబు కత్తిరించుడు. వస్తువు అదే, వంతు ఖర్చు సున్న. అందుకే నేను ఏ ఆటల పైసల మూవ్ చూసినా మొదలు ఇదే అడుగుత: ఈ మూవ్ నా వంతు తింటదా, తినదా? పే డే ఈ విషయంల మంచిదే, కొడ్తది కూడ. దాని బలం 40 మాత్రమే, అది వేరే సంగతి.

అదే ఫైనల్ ఫాంటసీ 7ల అసలు పైసలు పోరుల లేవు. ఆల్ అనే మెటీరియాను 35,000 ఏపీ (పోర్లల్ల వచ్చే పెంపు పాయింట్లు) పెట్టి పూర్తిగ పెంచితే అమ్మకానికి 14 లక్షల గిల్ వస్తది. ఒక్క రాయికి. ఆయుధాలల్ల ఏపీ మూడింతలు పెరిగేటివి ఉంటయి, వాటిల పెట్టుకొని మామూలుగ తిరిగితే చాలు, పెరుగుతనే ఉంటది. నువ్వు పైసల కోసం ఏం చెయ్యవు, కని పైసలు పెరుగుతయి. మన దిక్కు మామిడి తోట పెట్టి మర్చిపోయినోళ్లు ఉంటరు చూడు, అసుంటి లెక్క.

వేరే ఆటల గురించి తొందరగ చెప్త. డ్రాగన్ క్వెస్ట్ 3, 1988 నాటిది, అందుల వ్యాపారిని జట్టుల పెట్టుకుంటే పోరు అయినంక ఎక్కువ బంగారం దొరుకుతది. వాడు ఏ మూవ్ వేయనక్కర్లే, ఉంటే చాలు. ఆ వరుస ఆటలల్ల జట్టు మొత్తం పడిపోతే చేతిల ఉన్నది సగం పోతది, కాబట్టి వెయ్యి వెయ్యి లెక్కన బ్యాంకుల దాచుకోవాలె. ఆక్టోపాత్ ట్రావెలర్, 2018, అందుల ట్రెసా అనే వ్యాపారి పిల్ల ఉంటది. కలెక్ట్ అనే మూవ్‌తోటి నేరుగ శత్రువు జేబుల చెయ్యి పెడ్తది, వాని ప్రాణం తగ్గిన కొద్ది దొరికే అవకాశం ఎక్కువ. దీనికి వంతు పోతది, కాబట్టి చిన్న శత్రువుల మీద వాడకు. పర్సోనా 5ల శత్రువులందరిని కింద పడగొడితే చుట్టూ నిలబడి తుపాకీ చూపిస్తరు, అప్పుడు పైసలు అడగొచ్చు, వస్తువు అడగొచ్చు, లేకుంటే మాతోటి చేరు అనొచ్చు. కాలేజీ పోరగాళ్లు గట్ల నిలబడి బేరమాడుడు చూస్తే నాకు సంతల పశువుల బేరం గుర్తొస్తది.

ఫైనల్ ఫాంటసీ 12ల జంతువులు మామూలుగ గిల్ రాల్చయి, తోలు, కోర, ఈకలు రాలుస్తయి, అవి దుకాణంల అమ్ముకోవాలె. నాకు ఇది ఎక్కువ నచ్చింది. తోడేలు జేబుల పైసలు ఎక్కడివి అని చిన్నప్పటి నుంచి ఉన్న అనుమానం తీరింది. ఎర్త్‌బౌండ్ అయితే ఇంకో దారి పట్టింది, నువ్వు రాక్షసులను కొట్టిన లెక్కన మీ నాయిన బ్యాంకుల పైసలు ఏస్తడు, నువ్వు ఏటీఎంకు పోయి తీసుకోవాలె. హాస్టల్‌ల ఉండి చదువుకున్నోళ్లకు ఆ ఆట ఎక్కువ అర్థమయితది.

ఇగ ఉల్టా మూవ్స్, పైసలు ఖర్చు పెట్టేటివి. నువ్వు అడగలే, కని తెలుసుకో, ఎందుకంటే సంపాదించినంక అవే అసలు మజా. ఫైనల్ ఫాంటసీ 5ల సమురాయ్ గిల్ ఇసిరి కొడ్తడు, శత్రువులందరికి తగుల్తది. ఫైనల్ ఫాంటసీ 10ల బ్రైబ్ అని ఉన్నది, అంటే లంచం. శత్రువు ప్రాణానికి 25 రెట్లు పైసలు పెడితే ఖచ్చితంగ వదిలేసి పోతడు, పోతూ పోతూ గంపెడు వస్తువులు ఇచ్చి పోతడు. 1,000 ప్రాణం ఉన్నోనికి 25,000. 5 రెట్లు గని, అంతకు తక్కువ గని పెడితే మొహం కూడ చూడడు. ఆ వస్తువులు ఆయుధాలల్ల గుణాలు ఎక్కించనీకి కావాలె, వేరేగ సంపాదించాలంటే గంటలు పడ్తది. అక్కడ పైసలు పెట్టి గంటలు కొంటున్నవు. ఆటల పైసలు కుప్పేసుకొని కూసున్నోళ్లను నేను ఎక్కువ పట్టించుకోను. ఫైర్‌రెడ్‌ల 9,99,999 దాటి ఒక్క పైస కూడ ఎక్కదు.

చివరిగ, స్విచ్ అనే గేమ్ యంత్రం కొన్నంక పోకీమాన్ స్కార్లెట్ ఆడుతవేమో అని ఒక మాట. 2022ల వచ్చిన ఆ ఆటల గోల్డెంగో అనే పోకీమాన్ ఉన్నది, 999 నాణేలు ఏరితేగని అది రాదు. దాని మేక్ ఇట్ రెయిన్ మూవ్ బలం 120, ఎదుట ఇద్దరుంటే ఇద్దరికి తగుల్తది, పైసలు కూడ రాలుస్తది. వాడినప్పుడల్ల దాని స్పెషల్ అటాక్ ఒక మెట్టు తగ్గుతది, పీపీ 5 మాత్రమే. అమ్యులెట్ కాయిన్ దానికే పట్టించి అకాడమీ టోర్నమెంట్ మళ్ల మళ్ల ఆడుతరు జనం. ఇక్కడ దినకూలి, గుత్త రెండు ఒక్కదాని చేతికే వచ్చినయ్, కూలి మూవ్ తోటే గుత్త పోరు గెలుస్తున్నది. నీ 40 బలం పే డేతోటి జిమ్ లీడర్‌ను గెలవలేవు, ఫరక్ అక్కడున్నది.

ఇప్పుడు నువ్వు రెండు సంగతులు చెప్పు. పోకెడెక్స్‌ల పట్టినయి ఎన్ని? సేటుకు పే డే కాక ఇంకేం మూవ్స్ ఉన్నయ్? బైట్ (కొరుకుడు మూవ్, సబ్రీనా పోకీమాన్ల మీద గట్టిగ పడ్తది) తీసేసినవంటే సబ్రీనా దగ్గర ఏడుస్తవు, అది మాత్రం ముందే చెప్తున్న.